వేసవి దారుల్లో అద్దె కార్లు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

పిల్లలకు సెలవులివ్వగానే సెల్ఫ్ డ్రైవ్ కారు అద్దెకు తీసుకుని కుటుంబంతో బయలుదేరడం మన ఊళ్ళలో ఇప్పుడు మామూలయింది. ఈ నెల శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కిందటి వేసవిలో అలా నడిపిన కార్ల గురించే ఉన్నాయి. కొందరు మురిసిపోతూ రాశారు, కొందరు నొచ్చుకుని రాశారు. వాటిలో ఆరింటికి ఇక్కడ సమాధానం చెబుతున్నాను.

ప్రశ్న: మే నెలలో విశాఖపట్నం దాకా రైల్లో వెళ్ళి, అక్కడ వెయ్యి సీసీ ఇంజను ఉన్న చిన్న కారు అద్దెకు తీసుకుని అయిదుగురం అరకు వెళ్ళాం. అనంతగిరి ఘాట్‌లో ఏసీ వేస్తే బండి లాగలేదు, కట్టేస్తే పిల్లలు ఉక్కకు అల్లాడిపోయారు. మా తమ్ముడికి అదే మోడల్ కారు సొంతంగా ఉంది. ఆ ఘాట్ హాయిగా ఎక్కానని వాడంటాడు. ఇంతకీ ఆ మోడల్ మంచిదా, కాదా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీ తమ్ముడు చెప్పిందీ నిజమే, మీరు చెప్పిందీ నిజమే. అద్దె కార్ల విషయంలో మోడల్ పేరు కంటే మన చేతికి వచ్చిన ఆ ఒక్క బండి ఎలా ఉందన్నదే ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను. సొంత కారు ఒకరిద్దరి చేతివాటానికి అలవాటుపడి ఉంటుంది. అద్దె కారును వారానికి ఇద్దరు ముగ్గురు కొత్తవాళ్ళు నడుపుతారు. వాళ్ళలో క్లచ్ మీద పాదం ఆనించి నడిపేవారు ఉంటారు, గతుకులొచ్చినా వేగం తగ్గించనివారూ ఉంటారు. ఆ అరుగుదల అంతా లోపల చేరి, బయటికి తళతళలాడే బండి రూపంలో మన ముందుకు వస్తుంది.

ఒకే మోడల్ కారును నేను రెండు వేసవుల్లో ఇదే దారిలో నడిపాను. మొదటి ఏడాది ఇచ్చిన బండి ఇరవై వేల కిలోమీటర్లు తిరిగింది. నలుగురం ఎక్కినా శృంగవరపుకోట నుంచి అనంతగిరి దాకా మారాం చేయకుండా ఎక్కింది. మరుసటి ఏడాది ఇచ్చినది తొంభై వేలు దాటిన బండి. విశాఖ వీధుల్లో నడుపుతున్నంతసేపూ దాని లోపమేమీ తెలియలేదు. కొండ మొదలయ్యాక ఒక మెలిక దగ్గర రెండో గేరులో యాక్సిలరేటరు తొక్కితే ఇంజను మోత పెరిగింది గాని బండి వేగం పెరగలేదు, ఆ వెంటనే కాలిన వాసన వచ్చింది. క్లచ్ ప్లేటు అరిగి జారుతోందని అప్పుడర్థమయింది. కాఫీ తోటల పక్కన సిల్వర్ ఓక్ చెట్ల నీడలో బండి ఆపి, అరగంట చల్లారనిచ్చి, ఏసీ కట్టేసి, మొదటి గేరులో మెల్లగా మిగతా ఎత్తు ఎక్కాం. వెనక సీట్లో మా అమ్మ చీర కొంగుతో విసురుకుంటూ ఒక్క మాట కూడా అనకపోవడం నన్ను మరింత బాధపెట్టింది.

అరిగిన క్లచ్‌ను బయలుదేరే ముందే పట్టుకోవచ్చు. ముందు ఎవరూ లేని చదునైన చోట హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, మూడో గేరు వేసి, కొద్దిగా యాక్సిలరేటరు ఇస్తూ క్లచ్ మెల్లగా వదలండి. క్లచ్ బాగుంటే ఇంజను వెంటనే ఆగిపోతుంది. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ఆ బండితో కొండ ఎక్కవద్దు. ఒక్కసారి చేసి చూస్తే చాలు, పదే పదే చేస్తే మంచి క్లచ్ కూడా పాడవుతుంది. పెడల్ దాదాపు పూర్తిగా పైకి వచ్చాక గాని బండి కదలకపోవడం కూడా అరుగుదలకు గుర్తే.

ఇక ఏసీ సంగతి. ఏసీ కంప్రెసరు తిరిగేది ఇంజను శక్తితోనే. వెయ్యి సీసీ ఇంజను మీద అయిదుగురు మనుషుల బరువు, డిక్కీ నిండా సామాను, ఎండకు కాగిన పలచటి గాలి, పైగా సముద్రమట్టం నుంచి సుమారు 900 మీటర్ల ఎత్తుకు ఎక్కే దారి, ఇవన్నీ కలిసినప్పుడు ఏసీకి పోయే ఆ కాస్త శక్తి కూడా లోటుగానే తెలుస్తుంది. అందుచేత అయిదుగురు వెళ్ళేటప్పుడు కనీసం 1.2 లీటర్ల ఇంజను, వీలైతే టర్బో ఉన్న బండి అడగండి. టర్బో గాలిని ఒత్తిడితో ఇంజనులోకి పంపుతుంది కనుక ఎత్తులో పికప్ అంతగా తగ్గదు. మలుపులోకి వెళ్ళాక గేరు కోసం వెతుక్కోకుండా, మలుపుకు ముందే రెండో గేరుకు దిగండి. అన్నిటికంటే మేలైన ఉపాయం తెల్లవారుజామున విశాఖలో బయలుదేరడం. విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. అయిదింటికి బయలుదేరితే కొండ మొదలయ్యే వేళకు ఎండ ఇంకా ముదరదు, నిటారుగా ఉన్న నాలుగైదు కిలోమీటర్లూ ఏసీ కట్టేసి అద్దాలు దించుకున్నా పిల్లలు ఇబ్బంది పడరు.

ప్రశ్న: శ్రీశైలం నుంచి దోర్నాల వైపు దిగుతుండగా అద్దె కారు బ్రేకుల నుంచి ఘాటైన వాసన వచ్చింది, పెడల్ మెత్తబడినట్టు అనిపించి భయం వేసింది. అది క్లచ్ పెడల్ లేని ఏఎంటీ బండి. నేను అంతకుముందు ఎప్పుడూ ఏఎంటీ నడపలేదు. తప్పు నాదా, బండిదా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, మీరు బండి ఆపి చల్లారనిచ్చి ఉంటే సరైన పనే చేశారు. తప్పొప్పుల మాట అటుంచి, ఏం జరిగిందో చెబుతాను. మామూలు గేర్ల బండిని ఘాట్‌లో దించేటప్పుడు మనం రెండో గేరులో ఉంచుతాం, ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. గేర్లు తానే మార్చుకునే డి లో ఏఎంటీని వదిలేస్తే యాక్సిలరేటరు మీద కాలు లేదు కదా అని అది పై గేరుకు మారిపోతుంది. అప్పుడు ఇంజను పట్టు తగ్గి, బండి బరువంతా బ్రేకుల మీద పడుతుంది. మైళ్ళ కొద్దీ అలాగే తొక్కి ఉంచితే డిస్కులు, ప్యాడ్లు కాగిపోయి వాసన వస్తుంది. వేడి మరీ ఎక్కువైతే బ్రేకు ఫ్లూయిడ్‌లో ఆవిరి బుడగలు పుట్టి పెడల్ మెత్తబడుతుంది. ఫ్లూయిడ్ పాతదై తేమ పీల్చుకుని ఉంటే ఆ స్థితి ఇంకా త్వరగా వస్తుంది. ఈ ఒక్క విషయంలో మాత్రం బండి ఇచ్చినవారి బాధ్యత ఉంది.

పరిష్కారం మీ చేతి కిందే ఉంది. గేరు లీవరును పక్కకు నెట్టి ఎం లో పెడితే గేర్లు మీ ఇష్టప్రకారం ఉంటాయి. దిగుడు మొదలవగానే రెండో గేరుకు తెచ్చి అక్కడే ఉంచండి. ఇంజను కాస్త గట్టిగా అరుస్తుంది, దానికి భయపడనక్కరలేదు. బ్రేకు తొక్కవలసినప్పుడు గట్టిగా తొక్కి వేగం తగ్గించి వదిలేయాలి తప్ప పాదం ఆనించి ఉంచకూడదు. ఎక్కేటప్పుడు కూడా ఏఎంటీతో ఒక జాగ్రత్త ఉంది. ముందు బస్సు ఆగినప్పుడు యాక్సిలరేటరు మీద బండిని వాలులో నిలబెడితే లోపల క్లచ్ కాలిపోతుంది, హ్యాండ్ బ్రేకు వేసి ఆగడమే మంచిది. క్లచ్ పెడల్ లేకపోయినా లోపల క్లచ్ ఉందన్న సంగతి కొత్తగా ఏఎంటీ నడిపేవారికి తట్టదు, అద్దెకిచ్చేవారు చెప్పరు.

దోర్నాల నుంచి శ్రీశైలం దారి అభయారణ్యంలోది. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అటవీశాఖ గేట్లు మూసి ఉంచుతారు. గేటు వేళను అందుకోవాలన్న తొందరలోనే చాలామంది ఆ మలుపులు వేగంగా దిగుతారు. గంట ముందు కొండ దిగేలా చూసుకుంటే బ్రేకులకూ మీకూ ఊపిరి ఉంటుంది.

ప్రశ్న: కారు 80 దాటినప్పుడల్లా ఒక శబ్దం వస్తోంది. బండిలో ఏదో లోపం ఉందని దారి పొడవునా దిగులుపడ్డాం.
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: లోపం కాదు. 2019 జులై 1 తరువాత తయారైన కార్లన్నిటిలో ఈ హెచ్చరిక తప్పనిసరి. 80 దాటితే ఉండుండి మోగుతుంది, 120 దాటితే ఆగకుండా మోగుతుంది.

ప్రశ్న: హార్స్‌లీ హిల్స్ వెళ్ళి వచ్చి కారు తిరిగి అప్పగించాక, తలుపు మీద గీత మేమే పెట్టామని డిపాజిట్‌లో ఏడు వేలు కోసుకున్నారు. ఆ గీత ముందునుంచే ఉందని మాకు తెలుసు, రుజువు మాత్రం లేదు. పైగా టైరు పంక్చరైతే స్టెప్నీలో గాలి లేదు. ముందే ఏమేం చూసుకోవాలి?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మీ ఉత్తరం చదివి నాకు కోపం వచ్చింది, ఎందుకంటే ఇలాంటివి ఈ ఒక్క నెలలోనే నాలుగు వచ్చాయి. నాకూ ఒకసారి జరిగింది. రాత్రిపూట వీధి దీపం కింద బండి అప్పగించారు, ఆ వెలుగులో గీతలు కనబడలేదు, తిరిగి ఇచ్చింది మాత్రం పట్టపగలు. అప్పటినుంచి చీకట్లో బండి తీసుకోవడం మానేశాను.

బండి ఇచ్చే మనిషి పక్కన ఉండగానే ఫోనులో వీడియో తీయండి. ఒక మూల నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ, ప్రతి గీత దగ్గరా ఆగి, పైకి చెబుతూ తీయాలి. ముందు బంపరు కింది అంచు, నాలుగు చక్రాల రిమ్ములు, ముందు అద్దం మీది రాయి దెబ్బలు, సీట్ల మీది మరకలు, చివరగా కిలోమీటర్ల మీటరు, పెట్రోలు ముల్లు ఒకే చిత్రంలో వచ్చేలా. ఆ వీడియోను అక్కడే వాళ్ళకు వాట్సాప్‌లో పంపిస్తే సమయంతో సహా నమోదవుతుంది. తిరిగి అప్పగించేటప్పుడు కూడా అదే పని చేయాలి. ఇది గొడవ కోసం కాదు, మర్యాదగా చేసినా జరగవలసిన పని జరుగుతుంది.

టైర్ల మీద నేను అందరికంటే ఎక్కువ సమయం పెడతాను. టైరు పక్కగోడ మీద చిన్న గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 2321 అని ఉంటే ఆ టైరు 2021వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. గాడి లోతు బాగానే కనిపించినా, అయిదారేళ్ళు దాటి పక్కగోడ మీద సన్నటి పగుళ్ళు కనిపిస్తే ఆ బండి వద్దనండి. రోహిణీ కార్తెలో తారు రోడ్డు ఎంత కాగుతుందో మీ అనంతపురం వారికి నేను చెప్పనక్కరలేదు, ఆ వేడిలో పాత టైరు, తక్కువ గాలి, ఎక్కువ బరువు కలిస్తే పేలిపోయే ప్రమాదం నిజంగానే ఉంది. గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు తీస్తే కనబడే స్టిక్కరు మీద రాసి ఉంటుంది. ఉదయం టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి. మధ్యాహ్నం కొలిస్తే వేడికి అంకె పెరిగి కనిపిస్తుంది, అది చూసి గాలి తీసేయకూడదు. స్టెప్నీ బయటికి తీయించి దానిలోనూ గాలి చూడండి. జాకీ, వీల్ స్పానరు ఉన్నాయో లేదో అప్పుడే తేలుతుంది.

ఇంకొక ముఖ్యమైన సంగతి నంబరు ప్లేటు. సెల్ఫ్ డ్రైవ్‌కు అనుమతి ఉన్న బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉంటాయి. అద్దె తక్కువని ఎవరిదో తెల్ల ప్లేటు కారు తీసుకుంటే, ప్రమాదం జరిగినప్పుడు సొంత వాడకానికి తీసుకున్న బీమా అద్దె ప్రయాణానికి వర్తించదని కంపెనీ చేతులెత్తేయవచ్చు. మిగిలే నాలుగైదు వందల కోసం అంత పెద్ద బాధ్యత తలకెత్తుకోవద్దు.

ప్రశ్న: అత్తమామలు, మేమిద్దరం, ముగ్గురు పిల్లలు, మొత్తం ఏడుగురం. కిందటేడు ఎర్టిగా తీసుకుని విజయవాడ, అన్నవరం, సింహాచలం వెళ్ళాం. ఈసారి ఇన్నోవా తీసుకోవాలని మావారంటున్నారు. అద్దె తేడా చాలా ఉంది. అవసరమేనా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: రెండూ చాలాసార్లు నడిపాను కనుక నా అభిప్రాయం చెబుతాను. ఎర్టిగా తేలికైన బండి. 1.5 లీటర్ల పెట్రోలు ఇంజను హైవే మీద ఇబ్బంది పెట్టదు, పట్టణాల సందుల్లో తిప్పడం సులువు, మైలేజీ బాగుంటుంది. దానితో వచ్చే చిక్కు డిక్కీ. మూడో వరుస సీట్లు ఎత్తి ఉంచితే వెనక మిగిలే చోటు 209 లీటర్లు, అంటే రెండు చిన్న సూట్‌కేసులు పెట్టగానే నిండిపోతుంది. ఏడుగురి సామాను కాళ్ళ దగ్గరికీ ఒళ్ళోకీ చేరుతుంది. సీఎన్‌జీ బండి ఇస్తే సిలిండరు ఆ చోటును కూడా తినేస్తుంది కనుక, బుక్ చేసేటప్పుడే పెట్రోలు బండే కావాలని స్పష్టంగా చెప్పండి.

ఇన్నోవా క్రిస్టా డీజిలు బండి, బరువైనది. 2.4 లీటర్ల ఇంజనుకు ఏడుగురి బరువు లెక్కలోకే రాదు, గతుకుల మీద నిలకడగా పోతుంది. అయితే దాని నేల ఎత్తు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు ఎక్కాలంటే ఒక కాలు పైన పెట్టి, పిడి పట్టుకుని ఒళ్ళు లాక్కోవాలి. మా పెద్దమ్మను తీసుకువెళ్ళినప్పుడు గుడి దగ్గర ఆగిన ప్రతిసారీ ఆమె ముందు నన్ను చూసేది, తరువాత ఆ మెట్టును చూసేది. రెండో రోజు నుంచి ఒక చిన్న ప్లాస్టిక్ పీట కొని డిక్కీలో పెట్టాను, ఆమె ముఖం తేటపడింది. మీ అత్తమామల మోకాళ్ళు ఎలా ఉన్నాయో మీకు తెలుసు. అది చూసి నిర్ణయించుకోండి.

ఏ బండి అయినా ఏసీని మూడో వరుసలో కూర్చుని పరీక్షించండి. ముందు సీట్లో చల్లగా ఉంటే అంతటా చల్లగా ఉందనుకుంటాం. ఎండలో నిలిపిన బండిలో పది నిమిషాలు ఏసీ వేసి, చివరి సీట్లో కూర్చుని చూస్తే నిజం తెలుస్తుంది. గాలి సన్నగా వస్తుంటే చాలాసార్లు కారణం దుమ్ము పట్టిన క్యాబిన్ ఫిల్టరే. మార్చడం పది పదిహేను నిమిషాల పని, అడిగి మార్పించుకోండి. మీ దారి చాలావరకు చదునైన హైవేనే కనుక, పిల్లలు చిన్నవాళ్ళయి సామాను తగ్గించుకోగలిగితే నా ఓటు ఎర్టిగాకే.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటున్నాం. జూన్‌లో ఊరినుంచి అమ్మా నాన్నా వస్తున్నారు. లాస్ వేగస్ దాకా విమానంలో వెళ్ళి, అక్కడ కారు అద్దెకు తీసుకుని గ్రాండ్ కాన్యన్, డెత్ వ్యాలీ చూపించాలని ఉంది. నాన్నగారు నలభై ఏళ్ళుగా కారు నడుపుతున్నారు, దారిలో కాసేపు నడుపుతానంటున్నారు. ఇవ్వవచ్చా? ఏ కారు మంచిది?
– ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: ముందు కారు సంగతి. అక్కడ ఫలానా మోడల్ కావాలని బుక్ చేసినా ఇచ్చేది ఆ తరగతిలో ఏదో ఒకటే. కనుక తరగతిని జాగ్రత్తగా ఎంచుకోండి. పెద్దవాళ్ళతో వెళ్ళేవారికి ఎత్తైన ఎస్‌యూవీ కంటే మినీవ్యానే మేలని రెండు ప్రయాణాల అనుభవంతో చెబుతున్నాను. నేల కిందికి ఉంటుంది, పక్క తలుపులు జరుగుతాయి, పార్కింగులో పక్క కారుకు తగులుతుందన్న భయం లేకుండా అమ్మగారు నింపాదిగా దిగవచ్చు.

లాస్ వేగస్ నుంచి గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు సుమారు 280 మైళ్ళు, ఎత్తు దాదాపు 7,000 అడుగులు. అక్కడ జూన్‌లోనూ సాయంత్రం చలి వేస్తుంది. డెత్ వ్యాలీ దీనికి పూర్తిగా వేరు. అక్కడి బ్యాడ్‌వాటర్ లోతట్టు సముద్రమట్టానికి 86 మీటర్లు దిగువన ఉంది, 1913 జులై 10న ఆ లోయలో 56.7 డిగ్రీల వేడి నమోదైంది. ఆ ప్రాంతంలో నిటారుగా ఎక్కే దారుల పక్కన ఏసీ కట్టేసి నడపమని బోర్డులు ఉంటాయి. అరకు ఘాట్ గురించి పైన చెప్పినట్టు ఏసీ ఇంజను మీద భారం పెంచుతుంది, అక్కడి ఎండలో ఆ భారానికి ఇంజను మరీ వేడెక్కిపోవచ్చు. ఇంజను వేడి చూపే ముల్లు మీద కన్నేసి ఉంచండి. మనిషికి నాలుగైదు లీటర్ల చొప్పున మంచినీళ్ళు కారులో పెట్టుకోండి. మట్టి రోడ్ల మీదికి దింపవద్దు, అద్దె ఒప్పందాలు చాలావరకు వాటిని నిషేధిస్తాయి, అక్కడ టైరు పోతే ఖర్చంతా మీదే. ఈ మధ్య చాలా కార్లలో స్టెప్నీకి బదులు గాలి కొట్టే కిట్ మాత్రమే ఇస్తున్నారు, ఆ సంగతి కౌంటరు దగ్గరే చూసుకోండి.

నాన్నగారు నడపాలంటే ఆయన పేరు అదనపు డ్రైవరుగా ఒప్పందంలో రాయించండి. పేరు లేకుండా నడిపి ఏదైనా జరిగితే బీమా అక్కరకు రాదు. మన లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా ఉంటే మంచిది. ఆయన ఇండియాలో బయలుదేరకముందే ఊళ్ళోని రవాణా శాఖ కార్యాలయంలో ఫారం 4ఏ తో దరఖాస్తు చేసుకుంటే ఇస్తారు. రుసుము 1,000 రూపాయలు, ఏడాదిపాటు చెల్లుతుంది.

నలభై ఏళ్ళ అనుభవం ఉన్నవారికి చేతులే ముందు కదులుతాయి, ఆలోచన తరువాత వస్తుంది. మన దగ్గర ఎక్కువ కార్లలో సిగ్నల్ వేసే కాడ స్టీరింగుకు కుడివైపున ఉంటుంది, అక్కడి కార్లలో ఎడమవైపున. ఆయన మలుపు తిరగబోతూ కుడి కాడ కదిపితే వైపర్లు తిరుగుతాయి, వెనకవారికి మలుపు సంగతి తెలియదు. ఆ కంగారులో తిరిగేటప్పుడు ఎడమ వరుసలోకి, అంటే ఎదురు బండ్లకు అడ్డంగా, వెళ్ళిపోయే ప్రమాదం ఉంది. కనుక ఊళ్ళోపల స్టీరింగు ఆయనకు ఇవ్వవద్దు. ఏ విశ్రాంతి స్థలంలోనో ఖాళీ పార్కింగు దొరికినప్పుడు పది పదిహేనుసార్లు ఎడమకూ కుడికీ సిగ్నల్ వేసి తిరగనివ్వండి. మీరు పక్క సీట్లో కూర్చోండి. చెయ్యి వెతుక్కోకుండా ఎడమ కాడ మీదికి వెళ్ళడం మొదలైందని మీకు అనిపించాక, రద్దీ లేని తిన్నటి హైవే మీద ఉదయం పూట ఒక గంట నడపనివ్వండి.